టీఎస్‌హెచ్ బాగానే ఉంది, టీ4 మాత్రం తక్కువ: అమ్మకు థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలా?

నీవా_తీరం (చిత్తూరు)
ఆదివారం, సాయంత్రం 6:10

అందరికీ నమస్కారం. మా అమ్మ గురించి రాస్తున్నాను. వయసు 53. బంగారుపాళ్యం దగ్గర పల్లెలో ఉంటుంది. చాలా ఏళ్లుగా నీరసం. చలికి అసలు తట్టుకోలేదు, ఎండాకాలంలో కూడా తెల్లవారుజామున దుప్పటి కప్పుకుంటుంది. ముఖం పాలిపోయి కాస్త ఉబ్బినట్టు ఉంటుంది. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఎన్నో వాడించారు, గుణం కనిపించలేదు. పోయిన నెల విరేచనాలు పట్టుకుని మగతలోకి వెళ్లిపోతే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. సోడియం 118 ఉందన్నారు, పొటాషియం 4.1. సెలైన్ ఎక్కించి, ఇంటికెళ్లాక ఉప్పు ఎక్కువ వేసుకోమని చెప్పి పంపించారు.

నీరసం తగ్గలేదని మళ్లీ రక్తపరీక్ష చేయించాం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయమని చెప్పే హార్మోన్) 2.9. ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) 0.42 (ఆ ల్యాబ్ వేసిన మామూలు పరిధి 0.9 నుంచి 1.7). ఒక డాక్టరు టీఎస్‌హెచ్ చూసి థైరాయిడ్ సమస్యే లేదన్నారు. ఇంకొకరు టీ4 చూసి 100 మైక్రోగ్రాముల థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర రాశారు, రేపు పొద్దున పరగడుపున మొదలుపెట్టమన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తెలియడం లేదు.


రేణిగుంట_జంక్షన్
ఆదివారం, సాయంత్రం 6:42

మా ఇంటావిడ ఎనిమిదేళ్లుగా ఆ మాత్ర వాడుతోంది, మనిషి బాగా తేరుకుంది. టీ4 అంత తక్కువగా ఉంటే ఇంకా ఆలోచించడం దేనికండీ, మొదలుపెట్టండి. పొద్దున లేవగానే నీళ్లతో వేసుకుని కనీసం అరగంట వరకు కాఫీ కూడా తాగకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు.


శేషాచలం (తిరుపతి)
ఆదివారం, రాత్రి 7:30

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, వైద్యుణ్ని కాదు. కానీ ఈ రిపోర్టు చూస్తే ఊరుకోలేకపోతున్నాను.

థైరాయిడ్ గ్రంథి దానంతట అది చెడిపోతే టీ4 తగ్గుతుంది. దాన్ని గమనించి మెదడు కింద ఉన్న పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను గట్టిగా పెంచుతుంది. టీ4 0.42కు పడిపోయిన మనిషిలో టీఎస్‌హెచ్ 40, 60, ఒక్కోసారి 100 దాటి ఉండాలి. 2.9 ఉందంటే అది "మామూలు" కాదు. పెరగాల్సిన చోట పెరగలేదని అర్థం. అంటే ఆజ్ఞ ఇవ్వాల్సిన పిట్యూటరీ దగ్గరే ఏదో తేడా ఉండాలి.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారి రిపోర్టులు తారుమారు అవుతాయి కాబట్టి అది కూడా ఆలోచించాను. కానీ బయోటిన్ వల్ల చాలా యంత్రాల్లో టీఎస్‌హెచ్ తక్కువగానూ టీ4 ఎక్కువగానూ కనిపిస్తాయి. ఇక్కడ టీ4 తక్కువ, కాబట్టి అది కారణం కాదు.

ఇంకో మాట. చాలా చోట్ల ఖర్చు తగ్గించడానికి ముందు టీఎస్‌హెచ్ ఒక్కటే చేస్తారు, తేడా ఉంటేనే టీ4 చేస్తారు. ఇలాంటి రోగులు ఆ వడపోతలో పూర్తిగా జారిపోతారు. మీ అమ్మగారికి టీ4 కూడా రాసిన డాక్టరు ఎవరో గానీ, మేలు చేశారు.


తలకోన (ఎండోక్రైనాలజీలో, అంటే హార్మోన్ల వైద్యంలో, డీఎం చేస్తున్నాను)
ఆదివారం, రాత్రి 8:05

నీవా_తీరం గారూ, దయచేసి రేపటి మాత్ర ఆపి, రాసిన డాక్టరుకు ఈ రాత్రే ఫోన్ చేసి "కార్టిసాల్ చూశాక మొదలుపెట్టవచ్చా" అని అడగండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను. (కార్టిసాల్ అంటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోన్.) దానికి ముందు కొన్ని విషయాలు తెలియాలి. అమ్మగారి కాన్పులు ఎలా జరిగాయి? ఏ కాన్పులోనైనా రక్తస్రావం ఎక్కువైందా? బిడ్డకు పాలు పడ్డాయా? ఆ తర్వాత నెలసరి మళ్లీ వచ్చిందా? చంకల్లో వెంట్రుకలు ఉన్నాయా?

ఇప్పుడు వాంతులు గానీ మగత గానీ ఉంటే ఈ ప్రశ్నలన్నీ పక్కన పెట్టి నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.


నీవా_తీరం
ఆదివారం, రాత్రి 9:20

మగత, వాంతులు ఏమీ లేవండీ. మాట్లాడుతోంది, కొద్దిగా తింటోంది.

మీరు అడిగినవి అమ్మను నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు పిన్నికి ఫోన్ చేస్తే చెప్పింది. మా తమ్ముడు ఇంట్లోనే పుట్టాడు. మాయ సగం లోపలే ఉండిపోయి రక్తం ఆగలేదట. ఎద్దుల బండిలో రోడ్డు దాకా తీసుకొచ్చి, అక్కడి నుంచి లారీలో చిత్తూరు పెద్దాసుపత్రికి చేర్చారట. బతకదనుకున్నారట. తమ్ముడికి ఒక్కరోజు కూడా తల్లిపాలు లేవు, ఆవుపాలతోనే పెరిగాడు. దిష్టి తగిలి పాలు ఎండిపోయాయని అప్పట్లో తాయెత్తు కట్టించారు. నెలసరి ఆ తర్వాత మళ్లీ రాలేదు. అప్పుడు అమ్మకు పాతికేళ్లు. "ఇక పిల్లలు వద్దనుకున్నాం కదా, పీడ విరగడైంది" అని ఎవరూ పట్టించుకోలేదట. చంకల్లో వెంట్రుకలు లేవని పిన్ని చెప్పింది.

ఇన్నేళ్ల నీరసానికీ దానికీ సంబంధం ఉంటుందా?


తలకోన
ఆదివారం, రాత్రి 10:15

ఉంటుంది. నేను అనుమానిస్తున్నది షీహాన్ సిండ్రోమ్. ఖాయం చేయాల్సింది పరీక్షలే, కానీ మీ పిన్నిగారు చెప్పిన కథ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది.

గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ గ్రంథి పెద్దదవుతుంది, ముఖ్యంగా పాలకు సంబంధించిన ప్రొలాక్టిన్ కణాలు పెరుగుతాయి. గ్రంథి పెరిగినంతగా దానికి రక్తసరఫరా పెరగదు. కాన్పులో విపరీతంగా రక్తం పోయి బీపీ పడిపోతే ముందు దెబ్బతినేది అదే. ఆ భాగం చచ్చిపోతుంది. 1937లో హెరాల్డ్ షీహాన్ అనే బ్రిటిష్ పాథాలజిస్టు దీన్ని వివరంగా రాశారు, అందుకే ఆ పేరు. పాలు పడకపోవడం మొదటి గుర్తు. నెలసరి రాకపోవడం రెండోది. తర్వాత ఏళ్ల తరబడి మెల్లగా థైరాయిడ్‌కూ అడ్రినల్‌కూ అందాల్సిన ఆజ్ఞలు తగ్గిపోతాయి. ఏదో ఒక విరేచనమో జ్వరమో వచ్చినప్పుడు మనిషి కుప్పకూలుతుంది, అప్పుడు సోడియం 118 అని రిపోర్టు వస్తుంది. ఉప్పు తినడం తగ్గి ఆ సోడియం పడిపోలేదు. కార్టిసాల్ లేకపోతే శరీరం నీటిని బయటకు పంపలేదు. పొటాషియం మామూలుగా ఉండటం కూడా ఇదే చెబుతోంది: అడ్రినల్ గ్రంథే చెడిపోతే ఆల్డోస్టెరాన్ (ఉప్పు, పొటాషియంలను అదుపులో ఉంచే హార్మోన్) కూడా పోయి పొటాషియం పెరుగుతుంది, చర్మం నల్లబడుతుంది. పిట్యూటరీ చెడితే ఆల్డోస్టెరాన్ చాలావరకు నిలబడుతుంది, చర్మం పాలిపోతుంది.

థైరాక్సిన్ సంగతికి వస్తాను. అది శరీరపు వేగాన్ని పెంచుతుంది, ఉన్న కొద్దిపాటి కార్టిసాల్‌ను కూడా త్వరగా ఖర్చు చేయిస్తుంది. కార్టిసాల్ లేని మనిషికి ముందుగా థైరాక్సిన్ ఇవ్వడం మేత లేని ఎద్దును ముల్లుకర్రతో పొడిచి బండి లాగించడం లాంటిది. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే కార్టిసాల్ లోటు తీర్చే స్టెరాయిడ్ ముందు, థైరాక్సిన్ తర్వాత. ఈ క్రమం తప్పకూడదు.

పొద్దున 8 గంటలకు కార్టిసాల్, దానితోపాటు ప్రొలాక్టిన్, ఎఫ్ఎస్‌హెచ్, సోడియం చేయించండి. ఎఫ్ఎస్‌హెచ్ ఎందుకంటారా? అది అండాశయాలను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్. 53 ఏళ్ల స్త్రీలో అండాశయాలు ఆగిపోయి ఉంటాయి కాబట్టి ఎఫ్ఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉండి తీరాలి. తక్కువగా ఉందంటే పిట్యూటరీ పనిచేయడం లేదన్నమాట. పెద్ద ఖర్చు లేకుండా చాలా గట్టి సాక్ష్యం ఇచ్చే పరీక్ష ఇది, కానీ మెనోపాజ్ దాటినవారికి దీనితో పనేమిటని చాలామంది రాయరు.


హార్స్లీ_కొండ
సోమవారం, ఉదయం 6:30

నేను జీవశాస్త్రం బోధించి రిటైరయ్యాను. డాక్టరు గారి మీద గౌరవంతోనే రెండు సందేహాలు అడుగుతున్నాను. ఆమె ఈమధ్యే ఆసుపత్రిలో ఉండి వచ్చారు. తీవ్రమైన జబ్బులో థైరాయిడ్ బాగున్నా టీ3, టీ4 తగ్గుతాయని చదివాను. ఇది అది కాదని ఎలా చెప్పగలం? రెండోది, ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి కదా, షీహాన్ అనేది పాత పుస్తకాల జబ్బు కాదా?


తలకోన
సోమవారం, ఉదయం 7:10

మాస్టారూ, మొదటి సందేహం న్యాయమైనది. ఐసీయూలో ఉన్న రోగికి ఇదే రిపోర్టు వస్తే నేనూ తొందరపడను. అయితే ఈమె ఇంటికొచ్చి వారాలు గడిచాయి, తిరుగుతున్నారు. పైగా జబ్బు వల్ల టీ4 తాత్కాలికంగా తగ్గితే పాతికేళ్ల వయసులో పాలు పడకపోవడం, నెలసరి నిలిచిపోవడం దానితో వివరించలేం. కథనూ కాగితాన్నీ కలిపి చదవాలి.

రెండోది: సంపన్న దేశాల్లో అరుదైపోయిన మాట నిజమే. కశ్మీర్ లోయలో చేసి 2005లో ప్రచురించిన సర్వేలో, 20 ఏళ్ల వయసు దాటిన, కాన్పైన స్త్రీలలో సుమారు 3 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది, వారిలో ఎక్కువ మంది ఇళ్లలో ప్రసవించినవారు. ఇప్పుడు ఆసుపత్రి కాన్పులు పెరిగాయి, నిజమే. కానీ పాతిక, ముప్పై ఏళ్ల కిందట ఇళ్లలో ప్రసవించిన తల్లులు ఇప్పుడు మన ఓపీల్లో కూర్చున్నారు. రక్తహీనత, నీరసం, వయసు ప్రభావం అనే పేర్లతో తిరుగుతున్నారు. రక్తం అంతగా పోని కొందరికి కూడా ఎందుకు వస్తుందన్నది ఇంకా తేలని ప్రశ్న. కొందరిలో పిట్యూటరీకి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు కనిపించాయి. అవి కారణమా, కణాలు చచ్చాక పుట్టిన పర్యవసానమా అన్నదాని మీద వాదన నడుస్తోంది.


స్వర్ణముఖి (శ్రీకాళహస్తి)
సోమవారం, మధ్యాహ్నం 2:25

నాకు షీహాన్ సిండ్రోమ్ ఉంది. నీవా_తీరం, మీ పోస్టు చదువుతుంటే నా కళ్లు తడిశాయి. ఆ "పీడ విరగడైంది" అన్న మాట నేనూ విన్నాను. పాలు పడని తల్లిని ఊరంతా ఎలా చూస్తుందో మీ అమ్మగారికి తెలుసు, అందుకే మీకు ఎప్పుడూ చెప్పి ఉండరు. ఆమెను ఇప్పుడైనా కూర్చోబెట్టి, అది ఆమె లోపం కాదని చెప్పండి. మందులకంటే ముందు నాకు కావలసింది ఆ మాటే.

చికిత్స మొదలైతే తేడా త్వరగా తెలుస్తుంది. హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్‌కు బదులుగా ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర) మొదలుపెట్టిన కొద్ది రోజులకే నాకు ఆకలి వేసింది. అన్నం రుచి తెలిసింది. థైరాక్సిన్ తర్వాత తక్కువ మోతాదుతో కలిపారు.

ఒక జాగ్రత్త మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇక మీదట అమ్మగారి థైరాక్సిన్ మోతాదును టీఎస్‌హెచ్ చూసి ఎవరూ మార్చకూడదు. ఫ్రీ టీ4 చూసే సరిచేయాలి. ఒకసారి జ్వరానికి వేరే క్లినిక్‌కు వెళితే టీఎస్‌హెచ్ 0.03 ఉందని, మాత్ర ఎక్కువైందని సగానికి తగ్గించేశారు. నెలన్నర తిరిగేసరికి మెట్లెక్కలేని స్థితికి వచ్చాను. మాకు టీఎస్‌హెచ్ తక్కువగానే ఉంటుంది, దానికి అర్థం లేదు. నా ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో ఈ విషయం రాసి పెట్టుకున్నాను.


రేణిగుంట_జంక్షన్
సోమవారం, సాయంత్రం 5:50

నిన్న నేను మా ఇంట్లో అనుభవంతో చెప్పాను, ఈ కోణం తెలియదు. ఇప్పుడు నా భయం వేరు. స్టెరాయిడ్ జీవితాంతం వాడాల్సి వస్తుందేమో. మా మేనత్త కీళ్లనొప్పులకు ఏదో నాటు పొడి ఏళ్ల తరబడి వాడింది. ముఖం గుండ్రంగా ఉబ్బిపోయి, షుగరు వచ్చి, చర్మం పొర పొరలుగా చిట్లిపోయేది. తర్వాత తెలిసింది, ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపారట. అలాంటి మందును బలహీనంగా ఉన్న పెద్దావిడకు ఇవ్వడమా?


తలకోన
సోమవారం, రాత్రి 9:00

చాలా మంచి ప్రశ్న. మీ మేనత్తగారికి ఉన్న కార్టిసాల్ మీద ఇంకా పోశారు. ఇక్కడ లేనిదాన్ని భర్తీ చేస్తున్నాం. ఆరోగ్యవంతుడి శరీరం తయారుచేసేంతే ఇస్తాం. 2016 నాటి ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు రోజుకు మొత్తం 15 నుంచి 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ అంటున్నాయి, పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువగా విడగొట్టి. అది దొరకని చోట తక్కువ మోతాదులో ప్రెడ్నిసొలోన్ వాడతారు. మోతాదు పెరిగితే ఎముకలకు నష్టమే, అందుకే అవసరమైనంతే.

మీ మేనత్తగారు ఇప్పుడు ఆ పొడి వాడుతున్నారా? వాడుతుంటే హఠాత్తుగా ఆపవద్దు. బయటి స్టెరాయిడ్‌కు అలవాటుపడి ఆమె సొంత అడ్రినల్ నిద్రపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే ఇదే ప్రమాదం. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.


నీవా_తీరం
బుధవారం, రాత్రి 8:40

రిపోర్టులు వచ్చాయి. పొద్దున 8 గంటల కార్టిసాల్ 1.6. ఎఫ్ఎస్‌హెచ్ 3.8. ప్రొలాక్టిన్ 1.1. సోడియం 127. థైరాక్సిన్ రాసిన డాక్టరుకు ఆదివారం రాత్రే ఫోన్ చేశాను, ఓపికగా విని, ఆగమన్నారు. ఈ రిపోర్టులు చూసి ఆయనే ఎండోక్రైనాలజిస్టు దగ్గరకు చీటీ రాసి ఇచ్చారు. తిరుపతి స్విమ్స్‌కు వెళ్లాలా, వేలూరు సీఎంసీకి వెళ్లాలా అని ఇంట్లో చర్చ. మాకు వేలూరు గంట ప్రయాణం.

ఒక సందేహం. ఇంజెక్షన్ ఇచ్చి కార్టిసాల్ చూసే ఇంకో పరీక్ష కూడా ఉంటుందని చదివాను. అది చేశాకే మందు మొదలుపెట్టాలా?


తలకోన
బుధవారం, రాత్రి 9:15

రెండు చోట్లా ఎండోక్రైనాలజీ విభాగాలు ఉన్నాయి. ఏది త్వరగా కుదిరితే, తర్వాత క్రమం తప్పకుండా ఎక్కడికి వెళ్లగలరో అదే మంచిది. ఇది ఒక్కసారి చూపించుకుని వదిలేసే జబ్బు కాదు.

పొద్దుటి కార్టిసాల్ 3 కంటే తక్కువుంటే లోపం ఉన్నట్టే. 15 దాటితే చాలావరకు లేనట్టే. మధ్యలో ఉన్నవారికే ఆ ఇంజెక్షన్ పరీక్ష. 1.6కు అవసరం ఉండదు. పిట్యూటరీ ఎంఆర్ఐ మాత్రం తీస్తారు. ఇన్నేళ్ల తర్వాత గ్రంథి కుంచించుకుపోయి దాని గూడు ఖాళీగా కనిపించడం మామూలే, ఆ మాట రిపోర్టులో చూసి కంగారుపడవద్దు.


శేషాచలం
బుధవారం, రాత్రి 10:05

ఆ మధ్యలో ఉన్నవారి సంగతే నన్ను తొలిచేస్తుంది డాక్టరు గారూ. ఇంజెక్షన్ తర్వాత కార్టిసాల్ 18 దాటాలన్న గీత పాత కిట్ల కాలం నాటిది. కొత్త కిట్లు ఇతర స్టెరాయిడ్లను కార్టిసాల్‌గా లెక్కించవు, అందువల్ల అదే రక్తానికి తక్కువ అంకె చూపిస్తాయి. ఒకే మనిషి ఒక ల్యాబ్‌లో రోగి, ఇంకో ల్యాబ్‌లో ఆరోగ్యవంతుడు అయ్యే పరిస్థితి ఉంది. పైగా ఆ పరీక్షకు వాడే ఇంజెక్షన్ సినాక్తెన్ మన దగ్గర సులువుగా దొరకదు.


తలకోన
గురువారం, ఉదయం 6:50

సరిగ్గా చెప్పారు. కొత్త కిట్లకు గీత 14, 15 దగ్గర ఉండాలని పరిశోధనలు సూచిస్తున్నాయి, కానీ చాలా రిపోర్టుల్లో ఇంకా 18 అనే అచ్చవుతోంది. ఏ కిట్‌తో చేశారో రిపోర్టు మీద రాస్తే మాకు ఎంతో ఉపకారం, మీ ల్యాబ్‌లో ఆ పని మొదలుపెట్టండి. సినాక్తెన్ కొరతకు మన దేశంలో వెతికిన దారి యాక్టన్ ప్రొలాంగేటమ్. అది ఎక్కువసేపు పనిచేసే ఏసీటీహెచ్ (అడ్రినల్‌కు పిట్యూటరీ ఇచ్చే ఆజ్ఞ), కండరానికి ఇచ్చి గంట తర్వాత కార్టిసాల్ చూస్తారు. ఇక్కడి ఎండోక్రైన్ విభాగాలు దాన్ని సినాక్తెన్‌తో పోల్చి చూస్తే ఫలితాలు దగ్గరగానే వచ్చాయి.

రెండు పరీక్షలకూ ఒకటే బలహీనత. పిట్యూటరీ దెబ్బతిన్న కొత్తలో అడ్రినల్ ఇంకా బలంగానే ఉండి ఇంజెక్షన్‌కు చక్కగా స్పందిస్తుంది. అంటే కాన్పులో రక్తం పోయిన తల్లికి తొలి వారాల్లో ఈ పరీక్ష చేసి బాగుందని ధైర్యం చెప్పేయకూడదు.


కైగల్
గురువారం, ఉదయం 9:30

ఆడవారి విషయం నడుస్తోంది, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా చిన్నాన్నకు మూడేళ్ల కిందట వేరుశెనగ చేలో రక్తపింజర కరిచింది. విరుగుడు ఇంజెక్షన్లు, కొన్నాళ్లు డయాలిసిస్, బతికి బయటపడ్డాడు. అప్పటి నుంచి మనిషి మునుపటిలా లేడు. మధ్యాహ్నానికే పడుకుంటాడు, గడ్డం గీసుకునే పని కూడా తగ్గిపోయింది. పాము విషం ఒంట్లో మిగిలిపోయిందని ఊళ్లో అంటారు. థైరాయిడ్ అని టీఎస్‌హెచ్ చేయించాం, 1.8 వచ్చింది. మీ చర్చ చదివాక అనుమానం వచ్చింది. ఇది కూడా అదేనా?


తలకోన
గురువారం, మధ్యాహ్నం 1:10

కైగల్ గారూ, మీరు మధ్యలో రావడమే మంచిదైంది. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే తీరును చెడగొడుతుంది, పిట్యూటరీలో రక్తస్రావం గానీ రక్తనాళాలు మూసుకుపోవడం గానీ జరగవచ్చు. 1987లో బర్మాలో పనిచేసిన పరిశోధకులు లాన్సెట్‌లో దీన్ని షీహాన్ సిండ్రోమ్‌తో పోల్చి రాశారు. దక్షిణ భారతంలోనూ ఇలాంటి రోగులు ఉన్నట్టు నమోదైంది. కిడ్నీ దెబ్బతినేంత తీవ్రంగా కరిచినవారిలో మరింత జాగ్రత్తగా చూడాలి. గడ్డం పెరుగుదల తగ్గడం టెస్టోస్టెరాన్ తగ్గినదానికి గుర్తు కావచ్చు. పొద్దున 8 గంటలకు కార్టిసాల్, టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్ (వృషణాలను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్), ఫ్రీ టీ4, సోడియం, క్రియాటినిన్ చేయించండి. టీఎస్‌హెచ్ 1.8 అన్నది ఇక్కడ ఏమీ చెప్పదు.

పాముకాటు నుంచి బయటపడినవారిని డిశ్చార్జి తర్వాత ఎవరూ పిలిచి చూడరు. మన జిల్లాల్లాంటి చోట్ల చేయాల్సిన పరిశోధన ఇదే. కాటు తర్వాత ఆరు నెలలకు, ఏడాదికి ఒక్క కార్టిసాల్, ఒక్క టీ4 చేసి లెక్క రాస్తే ఎంతమంది కూలీలు, రైతులు ఊరికే "బలం లేని మనుషులు"గా మిగిలిపోయారో తెలుస్తుంది.


నీవా_తీరం
తర్వాతి మంగళవారం, రాత్రి 7:45

హైడ్రోకార్టిసోన్ మొదలైంది. నాలుగు రోజుల తర్వాత 25 మైక్రోగ్రాముల థైరాక్సిన్ కలిపారు. ఎంఆర్ఐలో గూడు ఖాళీగా ఉందనే వచ్చింది. నిన్న అమ్మ రాగి సంగటి అడిగి పెట్టించుకుని తిన్నది. తమ్ముడు పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు ఆమెకు ఒకటే కోరిక. ఆరోగ్యం కుదుటపడితే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకుందట. 3,550 మెట్లు. ఎక్కవచ్చా? ఆ రోజు ఉపవాసం ఉంటానంటోంది.


స్వర్ణముఖి
తర్వాతి మంగళవారం, రాత్రి 8:30

నేను ఎక్కాను. కానీ మందులు కుదురుకుని, డాక్టరు సరేనన్నాకే. అంత శ్రమ ఉన్న రోజు అదనపు మోతాదు ఎంత వేసుకోవాలో ముందే అడిగి రాయించుకున్నాను. ఉపవాసం మాత్రం వద్దు. మాత్ర మానడం అసలే కుదరదు. దేవుడు మాత్ర వేసుకుని రమ్మనే అంటాడు.

జ్వరం వస్తే మోతాదు రెండు మూడు రెట్లు పెంచాలి. వాంతులైతే మాత్ర లోపల నిలవదు కాబట్టి ఇంజెక్షన్ తప్పదు. ఎక్కడికెళ్లినా నా సంచిలో ఉండే కార్డు ఇది, అమ్మగారికీ రాసి ఇవ్వండి:

"నాకు పిట్యూటరీ గ్రంథి పనిచేయదు. రోజూ హైడ్రోకార్టిసోన్ మీద ఆధారపడి ఉన్నాను. వాంతులు, స్పృహ తగ్గడం, ప్రమాదం, ఆపరేషన్ ఉంటే పరీక్షల కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, సెలైన్ ఇవ్వండి. థైరాక్సిన్ మోతాదును టీఎస్‌హెచ్ చూసి మార్చవద్దు."

కింద డాక్టరు ఫోన్ నంబరు, ఇంటివారి నంబరు రాయండి. ప్లాస్టిక్ కవరు వేయించండి, చెమటకు తడిసిపోతుంది.


శేషాచలం
తర్వాతి మంగళవారం, రాత్రి 9:10

ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించండి. పాతికేళ్ల వయసు నుంచి ఈస్ట్రోజన్ లేదు కదా. తిరుపతిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ స్విమ్స్ పరిశోధకులు చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్నవారిలోనే ఆహారంలో కాల్షియం తక్కువ, ఫైటేట్లు (కాల్షియం ఒంటికి పట్టకుండా చేసే, ధాన్యాల్లోని పదార్థాలు) ఎక్కువ, విటమిన్ డి లోపం కనిపించాయి. రోజంతా ఎండలో పనిచేసేవారిలో కూడా. కాల్షియం మాత్ర రాస్తే థైరాక్సిన్‌కు నాలుగు గంటల ఎడం ఇవ్వండి, ఆ మాట రేణిగుంట_జంక్షన్ గారు మొదట్లోనే చెప్పారు.

కైగల్ గారూ, చిన్నాన్నగారి రక్తం తీయించారా?


కైగల్
తర్వాతి మంగళవారం, రాత్రి 9:40

శుక్రవారం పొద్దున తీస్తారు. ఎనిమిది గంటలకు ల్యాబ్ దగ్గర ఉండాలంటే మొదటి బస్సుకే బయలుదేరాలి. నేనే తీసుకెళ్తున్నాను. అంకెలు రాగానే ఇక్కడ పెడతాను.